పోటీ కంపెనీలన్నిటికీ ఒకటే కెర్నల్ ఎందుకు?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటిది కెర్నల్, హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రాములకీ మధ్య నిలబడే కోడ్ అది. దాని కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకి ఒకటి చొప్పున వస్తూ ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ అందులో మార్పులు ఎవరివి అని లెక్క తీస్తే కనిపించే పేర్లు చూసి కొత్తవాళ్లు కొంచెం అయోమయపడతారు. ఇంటెల్ ఉంటుంది, దాని పక్కనే ఏఎండీ ఉంటుంది. గూగుల్, మెటా, లినక్స్‌నే అమ్ముకునే రెడ్ హ్యాట్, సూసే, ఇంకా ఒరాకిల్, హువావే, మైక్రోసాఫ్ట్ అన్నీ ఉంటాయి. ఒక్కో వెర్షన్‌కి దాదాపు 2,000 మంది డెవలపర్లు, 200కి పైగా కంపెనీలు పనిచేస్తాయి. బయట బజార్లో ఒకరి కస్టమర్‌ని ఒకరు లాక్కునే కంపెనీలు, కోర్టుల్లో కేసులు వేసుకున్న కంపెనీలు, ఇక్కడ మాత్రం ఒకరి కోడ్ ఒకరు చూసి తప్పులు చెప్పుకుంటూ ఉంటాయి.

దీనికి మామూలుగా చెప్పే జవాబు ఓపెన్ సోర్స్ స్పిరిట్ అని. ఆ స్పిరిట్ ఉన్న మనుషులు చాలామందే ఉన్నారు, వాళ్లు లేకపోతే ఇదంతా మొదలయ్యేదే కాదు. కానీ లాభనష్టాలు చూసుకునే కంపెనీ ఏళ్ల తరబడి జీతాలిచ్చి ఇంజినీర్లని పెట్టుకోవాలంటే అదొక్కటే సరిపోదు కదా. అసలు కారణం ఖర్చు. విడిగా ఉంటే అయ్యే ఖర్చు, కలిసి ఉంటే అయ్యే ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఈ లెక్క నిలబడినంత కాలం బద్ధ శత్రువులు కూడా కలిసి పనిచేస్తారు, లెక్క తిరగబడిన చోట నిన్నటిదాకా కలిసున్నవాళ్లు కూడా ఎవరి కుంపటి వాళ్లు పెట్టుకుంటారు. లినక్స్ చరిత్రలో పెద్ద గొడవలు, పెద్ద రాజీలు దాదాపు అన్నీ ఈ ఒక్క లెక్కతో అర్థమవుతాయి.

ముందు లైసెన్స్ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడతారు. లినక్స్ 1991లో మొదలైంది, 1992 నుంచి జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది. జీపీఎల్ ఏం చెప్తుందంటే, మార్చిన కోడ్‌ని బైనరీగా, అంటే నేరుగా నడిచే రూపంలో ఎవరికైనా ఇస్తే, వాళ్లకి మనుషులు చదివే సోర్స్ కూడా ఇవ్వాలి అని, అంతే. ఆ మార్పుల్ని తీసుకెళ్లి లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ చూసుకునే అసలు కోడ్‌లో, అంటే మెయిన్‌లైన్‌లో కలపమని ఎక్కడా చెప్పదు. అన్నీ మూటకట్టి ఒక టార్ ఫైల్ తయారుచేసి కంపెనీ వెబ్‌సైట్లో ఏదో మూల పడేసినా చట్టం ప్రకారం సరిపోతుంది, చాలా ఫోన్ కంపెనీలు ఏళ్ల తరబడి చేసింది అదే. తమ సొంత డేటా సెంటర్లలోనే వాడుకుని ఎవరికీ ఇవ్వకపోతే ఆ మాత్రం కూడా అక్కర్లేదు. కాబట్టి కంపెనీలు మెయిన్‌లైన్‌కి రావడానికి లైసెన్స్ ఒక్కటే కారణం అంటే కుదరదు.

మరి వాళ్లని అక్కడికి ఏం తెస్తోంది? కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎప్పుడూ స్థిరంగా ఉండవు, ఉంచబోమని డెవలపర్లు ముందే రాసి పెట్టారు కూడా. యూజర్ ప్రోగ్రాములు కెర్నల్‌ని పని అడగడానికి వాడే సిస్టమ్ కాల్స్ మాత్రం విరగ్గొట్టరు, అది గట్టి నియమం. కానీ డ్రైవర్, అంటే ఒక్కో హార్డ్‌వేర్ భాగాన్ని నడిపే కోడ్, లోపల పిలిచే ఫంక్షన్లు ఈ వెర్షన్‌లో ఉన్నట్టు వచ్చే వెర్షన్‌లో ఉండవు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. డ్రైవర్ మెయిన్‌లైన్‌లో ఉంటే, ఆ ఫంక్షన్‌ని మార్చినవాళ్లే దాన్ని వాడే ప్రతి డ్రైవర్‌నీ సరిచేయాలి, అంటే ఇంటెల్ ఇంజినీర్ చేసిన మార్పు వల్ల ఏఎండీ డ్రైవర్ దెబ్బతింటే దాన్ని సరిచేసి ఇచ్చే బాధ్యత ఇంటెల్ ఇంజినీర్‌దే. డ్రైవర్ బయట ఉంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు, ప్రతి రెండు నెలలకీ ఆ కంపెనీ తన సొంత ఖర్చుతో సరిచేసుకుంటూ కూర్చోవాలి, లేదంటే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోవాలి.

ఆగిపోతే ఏమవుతుందో గూగుల్ స్వయంగా 2009లో టోక్యోలో జరిగిన కెర్నల్ సమ్మిట్‌లో చెప్పింది. సర్వర్ల కోసం గూగుల్ సొంత కెర్నల్ ఒకటి నడుపుకునేది, దాన్ని ఎవరికీ ఇవ్వదు కాబట్టి లైసెన్స్ ప్రకారం సోర్స్ చూపించాల్సిన అవసరం కూడా లేదు. దాని మీద సుమారు 30 మంది ఇంజినీర్లు పనిచేసేవాళ్లు. దాదాపు 17 నెలలకి ఒకసారి తమ మార్పులన్నీ తీసుకుని కొత్త మెయిన్‌లైన్ వెర్షన్ మీదకి మార్చుకునేవాళ్లు. అప్పటికి 2.6.26 వెర్షన్ మీద 1,208 ప్యాచ్‌లు, అంటే విడి విడి మార్పులు, దాదాపు 3 లక్షల లైన్లు వేసుకుని ఉన్నారు. అందులో సుమారు పావు వంతు గూగుల్ కొత్తగా రాసిందే కాదు, మెయిన్‌లైన్‌లో అప్పటికే వచ్చేసిన ఫీచర్లని వెనక్కి తెచ్చుకుని పాత కెర్నల్లో అతికించుకున్నది. అంటే కలిసి ఉంటే ఉచితంగా దొరికేదాన్ని జీతాలిచ్చి మళ్లీ చేయించుకున్నారన్నమాట. పైగా పాత వెర్షన్‌లో బగ్ దొరికితే మెయిన్‌లైన్ వాళ్లని అడగడానికి లేదు, ఎందుకంటే ఆ కోడ్ అప్పటికే మారిపోయి ఉంటుంది. ప్రపంచంలో అంత డబ్బు, అంత టాలెంట్ ఉన్న కంపెనీకే ఈ తిప్పలు అంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో ఇదే కథ ఇంకా పెద్దగా నడిచింది. ఫోన్‌లో బ్యాటరీ ఆదా చేయాలి కాబట్టి స్క్రీన్ ఆగగానే మొత్తం సిస్టమ్‌ని నిద్రపుచ్చాలి, ఎవరికైనా పని ఉంటే వాళ్లు నిద్రపోనివ్వకుండా ఒక తాళం పట్టుకోవాలి అని గూగుల్ వేక్‌లాక్స్ అనే పద్ధతి పెట్టింది. కెర్నల్ పవర్ మేనేజ్‌మెంట్ చూసే డెవలపర్లకి అది నచ్చలేదు, ఖాళీగా ఉన్న భాగాల్ని ఎప్పటికప్పుడు ఆపుకుంటూ పోవాలి గానీ అప్లికేషన్ చేతికి తాళాలు ఇవ్వడమేంటి అన్నారు. మెయిలింగ్ లిస్టులో వందల మెయిళ్ల యుద్ధం జరిగింది. ఈలోగా ఆండ్రాయిడ్ కోసం రాసిన డ్రైవర్లు వేక్‌లాక్స్ మీద ఆధారపడి ఉండటంతో మెయిన్‌లైన్‌లోకి రాలేకపోయాయి, వచ్చిన కొంచెం కోడ్‌ని కూడా చూసుకునేవాళ్లు లేరని 2010లో స్టేజింగ్ విభాగం, అంటే ఇంకా పూర్తిగా కుదురుకోని కోడ్ పెట్టే చోటు, నుంచి తీసేశారు. లక్షల ఫోన్లు లినక్స్ మీద నడుస్తున్న సమయంలో ఆ లినక్స్ వేరు, అసలు లినక్స్ వేరు అన్న పరిస్థితి వచ్చింది. చివరికి 2012లో 3.3 వెర్షన్‌తో ఆండ్రాయిడ్ కోడ్ తిరిగి రావడం మొదలైంది, వేక్‌లాక్స్ చేసే పనినే వేరే రూపంలో చేసే ఏర్పాటు 3.5లో వచ్చింది. రెండు పక్షాలూ తమ పంతం కొంత తగ్గించుకున్నాయి. ఇందులో గూగుల్ అడిగిన అవసరం నిజమైనదే, కెర్నల్ వాళ్లు పెట్టిన అభ్యంతరమూ నిజమైనదే, కానీ ముందు ప్రొడక్ట్ అమ్మేసి తర్వాత ప్యాచ్ తెస్తే ఇలాగే అవుతుందని అందరికీ తెలిసొచ్చింది.

అయితే అసలు చిక్కు గూగుల్ దగ్గర ఆగలేదు. ఫోన్‌లోకి కెర్నల్ వచ్చే దారి చూడండి. మెయిన్‌లైన్ నుంచి లాంగ్ టర్మ్ వెర్షన్, అంటే ఏళ్ల తరబడి సపోర్ట్ ఇచ్చేది, ఒకటి తీసుకుంటారు, దాని మీద గూగుల్ ఆండ్రాయిడ్ మార్పులు వేస్తుంది, దాన్ని క్వాల్కమ్, మీడియాటెక్ లాంటి చిప్ కంపెనీ తీసుకుని తన చిప్‌కి కావాల్సినవి వేస్తుంది, అక్కణ్ణించి ఫోన్ కంపెనీ తీసుకుని కెమెరా, ఛార్జింగ్, డిస్‌ప్లే కోసం తన మార్పులు వేస్తుంది. ఫోన్ జనం చేతికొచ్చేసరికి అందులో నడిచే కెర్నల్ కోడ్‌లో సగం దాకా బయటి కోడే ఉండొచ్చని గూగుల్ తన డాక్యుమెంట్లలోనే రాసింది. పైన ఒక సెక్యూరిటీ లోపం సరిచేస్తే ఆ ప్యాచ్ ఈ మెట్లన్నీ దిగి కిందకి రావాలి, ఒక్కో మెట్టు దగ్గర ఎవరో ఒకరు చేతితో కలపాలి, చాలా ఫోన్లకి అసలు రానే రాదు. తక్కువ ధర ఫోన్లు కొన్నవాళ్లకి రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి గూగుల్ కనిపెట్టిన మందు జీకేఐ, అంటే అన్ని ఫోన్లకీ ఒకే కోర్ కెర్నల్. ఆండ్రాయిడ్ 12తో, 5.10 లేదా ఆపై కెర్నల్‌తో వచ్చే ఫోన్లకి ఇది తప్పనిసరి చేశారు. కోర్ కెర్నల్‌ని గూగుల్ కట్టి ఇస్తుంది, చిప్ కంపెనీలు, ఫోన్ కంపెనీలు తమ సొంత కోడ్‌ని మాడ్యూల్స్‌గా, అంటే విడిగా తగిలించుకునే ముక్కలుగా, పక్కన పెట్టుకోవాలి, కోర్‌లో ఏదైనా మార్చాలంటే మాత్రం ముందు మెయిన్‌లైన్‌కి పంపించమంటున్నారు. పోటీ పడండి, కానీ ఈ గీత అవతల పడండి అని గీసినట్టు. ఇందులో గూగుల్ పెత్తనం పెరిగిందన్న మాట నిజమే, ఫోన్ కంపెనీల స్వేచ్ఛ కొంత తగ్గింది కూడా. అయినా ఫోన్ కొన్నవాడి వైపు నుంచి చూస్తే ఇది మంచి మార్పే, పదేళ్ల ముందే జరగాల్సింది.

ఫోన్లలో ఎక్కువగా వాడే ఏఆర్ఎం చిప్‌లది కూడా ఒకప్పుడు ఇదే గోల. ఒక్కో కంపెనీ తన బోర్డుకి తన ఫైళ్లు రాసుకుని మెయిన్‌లైన్‌లోకి తోసేవి, ఒకే పని చేసే కోడ్ పాతిక రకాలుగా ఉండేది, 2011లో టోర్వాల్డ్స్ బహిరంగంగానే విసుక్కున్నాడు. ఆ తర్వాత హార్డ్‌వేర్ వివరాలని కోడ్‌లో కాకుండా డివైస్ ట్రీ అనే వివరణ ఫైళ్లలో పెట్టే పద్ధతికి అందరూ మారారు. 2010లో ఏఆర్ఎం, ఐబీఎం, శాంసంగ్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంటి కంపెనీలు కలిసి పెట్టుకున్న లినారో ఇందులో చాలా పని చేసింది. ఒకే మార్కెట్లో చిప్‌లు అమ్ముకునేవాళ్లు కలిసి ఒక సంస్థ పెట్టి ఇంజినీర్లని పంపడం అప్పట్లో కొత్త.

కలిసి రాసిన కోడ్ పోటీకే ఆయుధమవ్వడం ఇంకో విశేషం. ఈ రోజు డాకర్, క్యూబర్నెటిస్ అంటూ క్లౌడ్ అంతా నడుస్తున్న కంటైనర్ల సంగతే తీసుకుంటే, ఒక ప్రోగ్రాముల గుంపుకి ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ అని హద్దులు పెట్టే సీగ్రూప్స్‌ని గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టారు, అది 2008 మొదట్లో వచ్చిన 2.6.24లో మెయిన్‌లైన్‌లోకి వచ్చింది. ఒక్కో గుంపుకి విడి ప్రపంచం చూపించే నేమ్‌స్పేసెస్‌లో ఐబీఎం, ఓపెన్‌వీజెడ్ వాళ్ల చెయ్యి ఉంది. గూగుల్ తన డేటా సెంటర్ల కోసం రాసిన ఆ ముక్కే తర్వాత అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలో నడిచే కంటైనర్లకీ పునాది అయింది. గూగుల్ దాన్ని దాచుకుని ఉంటే? సర్వర్ కెర్నల్‌లో చూశాం కదా, ప్రతి 17 నెలలకీ మోసుకుంటూ తిరగాలి. ఇచ్చేస్తే పోటీవాళ్లకి లాభమే, కానీ మోత తగ్గుతుంది, పదిమంది చూస్తారు కాబట్టి కోడ్ బాగుపడుతుంది. గూగుల్ ఆ లెక్కే వేసుకుంది.

మనిషి కంపెనీ మారినా కోడ్ నిలబడటం కూడా ఇక్కడ మామూలే. డిస్క్ మీద ఫైళ్లని సర్దిపెట్టే బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌ని 2007లో ఒరాకిల్‌లో పనిచేస్తూ క్రిస్ మేసన్ మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఫ్యూజన్ ఐఓకి, అక్కణ్ణించి ఫేస్‌బుక్‌కి వెళ్లాడు, ఫైల్ సిస్టమ్ పని ఆయనతోపాటే వెళ్లింది. రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ 8 నుంచి దాన్ని తీసేసింది, సూసే మాత్రం 2014 నుంచే డిఫాల్ట్‌గా పెట్టుకుంది, రెడ్ హ్యాట్ స్పాన్సర్ చేసే ఫెడోరా డెస్క్‌టాప్ కూడా 2020లో దాన్నే తీసుకుంది. మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయితే ఉద్యోగం మానేసిన రోజే కోడ్ మీద హక్కు పోతుంది. ఇక్కడ మెయింటెయినర్, అంటే ఒక భాగాన్ని చూసుకునే బాధ్యుడు, అన్న హోదా మనిషిది, కంపెనీది కాదు. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్కమ్ లాంటి ఆఫీసుల నుంచి మెయిన్‌లైన్‌కి ప్యాచ్‌లు పంపే ఇంజినీర్లకి కూడా ఇది పెద్ద ఆస్తే, చేసిన ప్రతి పనీ పేరుతో సహా మార్పులన్నీ నమోదయ్యే గిట్ చరిత్రలో శాశ్వతంగా ఉంటుంది, రేపు ఇంకో కంపెనీకి మారినా అది చెరిగిపోదు.

కలిసి పనిచేయకుండా అడ్డుకుంటే ఏం జరుగుతుందో 2018 జనవరిలో తెలిసింది. ఒక ప్రోగ్రామ్ తనకి హక్కు లేని మెమరీని చదవగలిగే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు 2017 మధ్యలోనే ఇంటెల్‌కి తెలుసు. బయటపెట్టేదాకా రహస్యంగా ఉంచాలి, అందులో తప్పులేదు. కానీ ఆ రహస్యాన్ని ఇంటెల్ ఎవరి గదిలో వాళ్లని కూర్చోబెట్టి చెప్పింది. రెడ్ హ్యాట్‌కి విడిగా, సూసేకి విడిగా, ఉబుంటు తయారుచేసే కెనానికల్‌కి విడిగా చెప్పి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కట్టడి చేసిందని స్టేబుల్ కెర్నల్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ ఏడాది వాంకూవర్ సమావేశంలో బాహాటంగానే చెప్పాడు. మామూలుగా పక్కపక్కన కూర్చుని ఒకే ప్యాచ్ మీద పనిచేసే మనుషులు అప్పుడు ఒకే సమస్యకి ఎవరి పరిష్కారం వాళ్లు రాసుకున్నారు.

ఈలోగా మెయిన్‌లైన్‌లో కెర్నల్ పేజీ టేబుళ్లని (మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టికల్ని) వేరు చేసి మెల్ట్‌డౌన్‌ని అడ్డుకునే ప్యాచ్‌లు మామూలుగా ఎప్పుడూ లేనంత తొందరగా లోపలికి వెళ్తున్నాయి, ఏదో జరుగుతోందని బయటివాళ్లకి అనుమానం వచ్చేసింది. ఆ మార్పు వల్ల సిస్టమ్ నెమ్మదిస్తుంది, పైగా మొదట్లో ఇంటెల్, ఏఎండీ చేసే ఎక్స్86 ప్రాసెసర్లన్నిటినీ లోపం ఉన్నవిగానే లెక్కకట్టారు. అంటే ఏఎండీ చిప్ కొన్నవాళ్లకి కూడా, మెల్ట్‌డౌన్ లోపం లేకపోయినా, స్పీడ్ తగ్గుతుంది. పోటీ కంపెనీ తప్పుకి తన కస్టమర్ ఎందుకు మూల్యం కట్టాలి? 2017 డిసెంబర్ 26న ఏఎండీ ఇంజినీర్ ఒక చిన్న ప్యాచ్ పంపించాడు, తయారీదారు ఏఎండీ అయితే లోపం ఉందన్న గుర్తు వేయొద్దు అని. ఆ ప్యాచ్‌కి రాసిన వివరణలో, తక్కువ అధికారంలో నడిచే కోడ్ నుంచి ఎక్కువ అధికారం ఉన్న డేటాని స్పెక్యులేటివ్‌గా, అంటే ముందే ఊహించి, తాకడాన్ని ఏఎండీ డిజైన్ అనుమతించదు అన్న అర్థం వచ్చే మాట ఉంది. అది చదివినవాళ్లకి లోపం ఎక్కడుందో దాదాపు తెలిసిపోయింది. జనవరి 9న బయటపెట్టాలనుకున్నది జనవరి 3నే బయటపెట్టాల్సి వచ్చింది. ఆ ఇంజినీర్ చేసింది తప్పనలేం, మెయిన్‌లైన్‌లో ప్యాచ్‌కి కారణం రాయాల్సిందే, అది నియమం. బయట నలుగురి మధ్య పనిచేసే పద్ధతిలోకి మూసిన గదుల పద్ధతి తెచ్చి పెడితే ఏదో ఒక చోట బయటపడక తప్పదు.

ఆ దెబ్బతో కొంత మార్పు వచ్చింది. 2019లో హార్డ్‌వేర్ లోపాల్ని రహస్యంగా ఎలా చూసుకోవాలో కెర్నల్ డాక్యుమెంట్లలోనే ఒక పద్ధతి రాసిపెట్టారు. ఎన్‌క్రిప్ట్ చేసిన లిస్టు, ఒక్కో కంపెనీ నుంచి బాధ్యుడిగా ఒక మనిషి, సంబంధమున్న డెవలపర్లందరూ ఒకే చోట మాట్లాడుకునే వీలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఇక్కడ ఇమడకపోతే రెండిటికీ నష్టమే అని తెలిసాక ఇమిడే ఏర్పాటు చేసుకున్నారు.

ఇక పోటీ నిజంగా ఎక్కడ నడుస్తుందంటే కెర్నల్ పైన, అమ్మకం దగ్గర. రెడ్ హ్యాట్ కథ ఇందులో పాఠంలాంటిది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఉన్నదంతా దాదాపు ఓపెన్ సోర్సే, కస్టమర్ డబ్బు కట్టేది పదేళ్ల సపోర్ట్‌కి, ఫలానా డేటాబేస్ ఫలానా వెర్షన్ మీద నడుస్తుందన్న సర్టిఫికేషన్‌కి, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తే మనిషికి. సోర్స్ బయట ఉంది కాబట్టి దాని మీద రెడ్ హ్యాట్ బొమ్మలు, పేర్లు తీసేసి అచ్చం అదే మళ్లీ కట్టి ఉచితంగా ఇచ్చింది సెంట్ఓఎస్. 2006లో ఒరాకిల్ అదే పని చేసి, మేం సపోర్ట్ తక్కువ ధరకిస్తాం రండి అని రెడ్ హ్యాట్ కస్టమర్లనే పిలిచింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని రెడ్ హ్యాట్ వాళ్లకి అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే కెర్నల్, జీసీసీ, జీలిబ్‌సీ, గ్నోమ్, సిస్టమ్‌డీ లాంటి లినక్స్ ముఖ్య భాగాల్లో ఏళ్ల తరబడి ఎక్కువ మంది ఇంజినీర్లకి జీతాలిచ్చిన కంపెనీల్లో రెడ్ హ్యాట్ ఒకటి.

రెడ్ హ్యాట్ కూడా ఊరుకోలేదు. 2010 చివర్లో వచ్చిన వెర్షన్ 6 నుంచి కెర్నల్ సోర్స్‌ని ప్యాచ్‌లు విడివిడిగా కాకుండా అన్నీ కలిపేసి ఒకే ముద్దగా ఇవ్వడం మొదలుపెట్టింది, లైసెన్స్ ప్రకారం తప్పు లేదు, కానీ ఏ మార్పు ఎందుకు చేశారో పక్కవాడికి అర్థం కాకుండా. ఒరాకిల్ ఆ ముద్దని మళ్లీ విడదీసి బయటపెట్టే ప్రాజెక్ట్ ఒకటి 2012లో పెట్టింది. 2014లో సెంట్ఓఎస్‌నే రెడ్ హ్యాట్ తనలో కలుపుకుంది. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి రెడ్ హ్యాట్‌ని కొన్నది. 2020 డిసెంబర్‌లో, 2029 దాకా నడుస్తుందని అందరూ నమ్మిన సెంట్ఓఎస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నామన్నారు. ఆ మాట నమ్మి సర్వర్లు మార్చుకున్న కాలేజీలు, చిన్న కంపెనీలు, హోస్టింగ్ వాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. రాకీ లినక్స్, ఆల్మాలినక్స్ పుట్టింది ఆ ఖాళీలోంచే.

2023 జూన్‌లో ఇంకో అడుగు వేసి, ఎంటర్‌ప్రైజ్ సోర్స్ ఇక కస్టమర్లకే, బయటివాళ్లకి సెంట్ఓఎస్ స్ట్రీమ్, అంటే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌కి ముందు వచ్చే కోడ్, మాత్రమే అంది. కస్టమర్ ఆ సోర్స్‌ని బయట పంచితే సబ్‌స్క్రిప్షన్ ఆపేసే హక్కు అగ్రిమెంట్‌లో ఉంది. జీపీఎల్ అక్షరాల ప్రకారం ఇది నిలబడుతుందా లేదా అన్నది లాయర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ కంపెనీల స్పందన వెంటనే వచ్చింది. సూసే కోటి డాలర్లకి పైగా పెట్టి రెడ్ హ్యాట్‌కి సరిపోయే వేరే డిస్ట్రిబ్యూషన్, అంటే వాడకానికి సిద్ధం చేసిన లినక్స్, కడతామంది, ఆగస్టులో సూసే, ఒరాకిల్, రాకీ వెనకున్న సీఐక్యూ కలిసి ఓపెన్ఈఎల్ఏ అనే సంస్థ పెట్టాయి. ఆల్మాలినక్స్ మాత్రం వేరే దారి పట్టింది, అచ్చం కాపీ కాకుండా అప్లికేషన్లు నడిచేలా ఉంటే చాలని, బగ్‌లు తామే సరిచేసుకుంటామని చెప్పింది.

ఇందులో రెడ్ హ్యాట్ బాధ అర్థం చేసుకోదగ్గదే, పని తాము చేస్తే అమ్మకం ఇంకొకరు చేసుకోవడం ఏ వ్యాపారానికైనా కష్టమే. కానీ సెంట్ఓఎస్ 8 విషయంలో నమ్మించి మధ్యలో ఆపేయడం మాత్రం సమర్థించలేనిది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకునేవాళ్లు కోడ్‌ని మాత్రమే తీసుకోరు, తేదీని కూడా తీసుకుంటారు. ఇంకో సంగతేంటంటే, ఈ యుద్ధం ఇంత తీవ్రంగా నడుస్తున్న రోజుల్లోనే అవే కంపెనీల ఇంజినీర్లు మెయిన్‌లైన్‌లో ఫైల్ సిస్టమ్స్ మీద, మెమరీ మేనేజ్‌మెంట్ మీద ఒకరి ప్యాచ్‌లు ఒకరు రివ్యూ చేస్తూనే ఉన్నారు. పైన తగువు, కింద పని, రెండూ ఆగలేదు.

రాజకీయం అడ్డొస్తే మాత్రం లెక్క మారిపోతుంది. 2019 మేలో హువావేని అమెరికా ఆంక్షల జాబితాలో పెట్టింది, గూగుల్ సర్వీసులు పోయాయి. కెర్నల్ పని మాత్రం ఆగలేదు, 2020 డిసెంబర్‌లో వచ్చిన 5.10లో మార్పుల సంఖ్య ప్రకారం మొదటి స్థానం హువావేదే, ఇంటెల్ తర్వాతే. ఫోన్ల దగ్గర అయితే హువావే మెల్లగా విడిపోయింది, 2024లో వచ్చిన హార్మొనీ ఓఎస్ నెక్స్ట్‌లో ఆండ్రాయిడ్ కోడ్ లేదు, కెర్నల్ కూడా సొంతదే. సర్వర్ల దగ్గర మాత్రం లినక్స్ మీదే ఉంది. విడిపోవడానికి అయ్యే ఖర్చు భరించక తప్పని చోట భరించింది, అక్కర్లేని చోట భరించలేదు. 2024 అక్టోబర్‌లో రష్యా కంపెనీలతో సంబంధమున్న డజను దాకా మెయింటెయినర్ల పేర్లు జాబితాలోంచి తీసేశారు, వాళ్లు రాసిన కోడ్ మాత్రం అలాగే ఉంది. చట్టం ప్రకారం తప్పదంటే తప్పకపోవచ్చు, కానీ సరైన వివరణ లేకుండా ఒక చిన్న ప్యాచ్‌తో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లని తీసేయడం చాలామందిని బాధపెట్టింది, అందులో న్యాయం ఉంది.

కెర్నల్ నుంచి కాస్త పైకొస్తే తెలుగువాళ్లకి ఈ ఉమ్మడి పని ఫలితం రోజూ కళ్లముందే ఉంటుంది. ఒకప్పుడు లినక్స్‌లో తెలుగు అక్షరాలకి ఒత్తులు, గుణింతాలు పేర్చే పని గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్ల పాంగో ఒక రకంగా చేసేది, కేడీఈ డెస్క్‌టాప్ వాడే క్యూటీ ఇంకో రకంగా చేసేది, ఒకే వాక్యం ఒక అప్లికేషన్‌లో సరిగ్గా, పక్కదాంట్లో ఒత్తు ఊడిపోయి కనిపించేది. హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్ వచ్చాక, దాన్ని రెడ్ హ్యాట్‌లో తిరగరాసి తర్వాత గూగుల్‌లో కొనసాగించాక, ఇప్పుడు ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, గ్నోమ్ అన్నీ దాన్నే వాడుతున్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లుగా పోటీ పడుతూనే స్త్రీలో ఒత్తులు ఎక్కడ పెట్టాలో మాత్రం ఒకే కోడ్‌ని అడుగుతాయి. లోహిత్ తెలుగు ఫాంట్ రెడ్ హ్యాట్ ఇచ్చిందే. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ తెచ్చిందంటే అలా బయట ఉన్న ముక్కల మీదే కట్టింది. తెలుగు మార్కెట్ కోసం ఒక్క కంపెనీ ఒంటరిగా అంత పని చేసేదా అంటే అనుమానమే.

ఇంత చెప్పాక మిగిలేది ఈ ఏర్పాటులో బలహీనమైన చోటు. కొత్త చిప్‌కి డ్రైవర్ రాయడానికి డబ్బిచ్చే కంపెనీ ఉంటుంది, ఏ ప్రోగ్రాముకి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో చూసే కొత్త షెడ్యూలర్‌కి ఉంటుంది, ఎందుకంటే అందులో నేరుగా లాభం ఉంది. పాత కోడ్ చూసుకోవడానికి, వచ్చిన ప్యాచ్‌లు చదవడానికి, డాక్యుమెంట్లు రాయడానికి ఎవరిస్తారు? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఇలాంటి చోటే గుర్తొస్తుంది. ప్యాచ్ పంపేవాళ్లకి జీతం ఉంటుంది, దాన్ని రివ్యూ చేయడం మాత్రం చాలా కంపెనీల్లో ఉద్యోగంలో భాగంగా లెక్కకి రాదు, రాత్రిళ్లు సొంత టైంలో చేసుకోవాలి. లాంగ్ టర్మ్ కెర్నల్స్‌కి ఆరేళ్లు ఇచ్చిన సపోర్ట్‌ని రెండేళ్లకి తగ్గించబోతున్నారని 2023లో చెప్పినప్పుడు, మెయింటెయినర్లు అలిసిపోతున్నారన్న మాట అందులో గట్టిగా వినిపించింది.

ఆ పనికి కూడా లెక్క కుదిరిన చోట కంపెనీలు ముందుకొస్తున్నాయి. రైల్వే సిగ్నళ్లు, పవర్ ప్లాంట్లు నడిపే యంత్రాల్లో కెర్నల్ పదేళ్లు మార్చకుండా ఉండాలి కాబట్టి సీమెన్స్, తోషిబా, హిటాచీ లాంటి కంపెనీలు 2016లో సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ పెట్టుకుని ఎంచుకున్న పాత కెర్నల్స్‌ని తామే పదేళ్ల పాటు చూసుకుంటున్నాయి. రైళ్ల కాంట్రాక్టుల్లో సీమెన్స్, హిటాచీ పోటీదారులే. అలాగే 4.14 కెర్నల్‌కి మెయిన్ సపోర్ట్ 2024 జనవరిలో అయిపోతే, రెడ్ హ్యాట్‌తో తగువు కోసం పుట్టిన ఓపెన్ఈఎల్ఏ దాన్ని ఆ ఏడాది చివరిదాకా చూసుకుంటామని తీసుకుంది. ఒరాకిల్ సొంత కెర్నల్‌లో ఒక తరం 4.14 మీదే నడిచింది, ఆ ప్యాచ్‌లు ఎలాగూ తామే వేసుకోవాలి, బయట పెట్టి వేస్తే పక్కవాళ్లు కూడా చూసి తప్పులు పట్టుకుంటారు.